తలకిందుల వెబ్‌క్యామ్: తిప్పాల్సింది డ్రైవరా, పైనున్న సాఫ్ట్‌వేరా?

పాతపెట్టె: పాత లాప్‌టాప్‌లో లినక్స్ వేశా. వీడియో కాల్‌లో గబ్బిలంలా వేలాడుతున్నా. విండోస్‌లో బాగానే ఉండేది. కెమెరా మాడ్యూల్‌ని తిరగేసి బిగించి, విండోస్ డ్రైవర్‌తో కప్పిపెట్టారన్నమాట. మరి యూవీసీ ప్రమాణం పాటించే యూఎస్‌బీ కెమెరాల్ని లినక్స్‌లో నడిపే మన యూవీసీవీడియో డ్రైవర్‌కేం రోగం? నాలుగు లైన్ల కోడ్ కదా!

కెర్నల్ కామయ్య: నాలుగు లైన్లా? చాలా కెమెరాలు హెచ్‌డీలో పంపేది ఎంజేపెగ్, అంటే ప్రతి ఫ్రేమూ జేపెగ్ ఫొటోలా కుదించిన వీడియో. తిప్పాలంటే ముందు ప్రతి ఫ్రేమూ డీకోడ్ చేయాలి, అదీ సెకనుకు 30 సార్లు. డ్రైవర్లుండేది లినక్స్ గుండెకాయ లాంటి కెర్నల్‌లో, అక్కడ ఆ పని పెట్టనివ్వరు. అందుకే యాప్‌కీ డ్రైవర్‌కీ మధ్య పనిచేసే లిబ్‌వీ4ఎల్ అనే లైబ్రరీ ఉంది. మదర్‌బోర్డు పేరు, కెమెరా యూఎస్‌బీ ఐడీ చూసి, తన జాబితాలో ఉన్న లాప్‌టాప్ అయితే అదే తిప్పేస్తుంది. మీది లేకపోతే లిబ్‌వీ4ఎల్‌కంట్రోల్ ఫ్లాగ్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ విలువ 3 పెట్టి, ఆ లైబ్రరీని ప్రీలోడ్ చేయండి, అంటే యాప్ మొదలయ్యేటప్పుడే అన్నిటికన్నా ముందు లోడయ్యేలా పెట్టండి.

పాతపెట్టె: చేశా. ప్లేయర్‌లో నిటారుగా వచ్చా, బ్రౌజర్‌లో మళ్లీ తలకిందులే. కాల్స్ అన్నీ బ్రౌజర్‌లోనే కదండీ, ఇంకేం లాభం?

చెట్టుకింద టెకీ: కామయ్య గారూ, కెర్నల్ అసలు తిప్పదన్నట్టు చెప్పకండి. కెర్నల్‌లోనే, యూవీసీ కాని పాత వెబ్‌క్యామ్‌ల డ్రైవర్ల గుంపు జీఎస్‌పీసీఏలో ఎం5602 డ్రైవర్ తెరిచి చూడండి. తిరగేసి బిగించిన లాప్‌టాప్ మోడళ్ల పట్టిక అక్కడే ఉంది.

కెర్నల్ కామయ్య: ఉంది, కాదనను. కానీ అక్కడ తిప్పేది సెన్సరే. డ్రైవర్ సెన్సర్ సెట్టింగులుండే రిజిస్టర్‌లో ఓ బిట్ మారుస్తుందంతే, బొమ్మ జోలికి పోదు. యూవీసీ కెమెరాల్లో ఆ రిజిస్టర్ కెమెరా లోపలి ప్రోగ్రామ్ (ఫర్మ్‌వేర్) చాటున ఉంటుంది, మన చేతికి అందదు.

చెట్టుకింద టెకీ: సరే, ఈ మాట ఒప్పుకుంటా. కానీ ప్రీలోడ్ మీద ఆధారపడే పరిష్కారం మామూలు వాడకందారుకి పరిష్కారమే కాదు.

ఎఫ్ఎఫ్_రాణి: మీ వాదన తేలేలోపు పాతపెట్టె గారి మీటింగ్ అయిపోతుంది. వీ4ఎల్2లూప్‌బ్యాక్ అనే కెర్నల్ మాడ్యూల్‌తో ఉత్తుత్తి కెమెరా సృష్టించి, వీడియో మార్చే ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ ప్రోగ్రామ్‌తో తిప్పిన వీడియో అందులోకి పంపండి. బ్రౌజర్‌లో ఆ కెమెరా ఎంచుకోండి. సీపీయూ కాస్త తింటుంది, తప్పదు. హెచ్‌ఫ్లిప్ (ఎడమ-కుడి తిప్పేది), వీఫ్లిప్ (పైకింద తిప్పేది) రెండూ పెట్టాలి సుమా! వీఫ్లిప్ ఒక్కటే పెడితే తల పైకొస్తుంది గానీ, వెనక గోడమీది క్యాలెండర్ అక్షరాలు అవతలివాళ్లకి ఎడమ-కుడి తారుమారై కనిపిస్తాయి. చాలా యాప్‌లు మన బొమ్మ మనకి అద్దంలోలా చూపిస్తాయి కాబట్టి ఆ తేడా మనకి తెలీదు.

పాతపెట్టె: బ్రౌజర్‌లోనూ పనిచేసింది, థాంక్స్ అండీ. ఇంతకీ స్క్రూలు విప్పి మాడ్యూల్‌నే తిప్పి బిగిస్తే?

కెర్నల్ కామయ్య: కేబుల్ అందితే బిగించండి. విండోస్ కూడా ఉంచుకుంటే మాత్రం, ఈసారి అక్కడ వేలాడతారు.