రోమా 14:1లో ఆ 'అయినను' ఎవరిని పట్టుకుంది?

ఆకుపచ్చ సిరా:
బైబిల్లో పౌలు రోమా సంఘానికి రాసిన పత్రికలోని ఒక వాక్యం కొన్నాళ్లుగా నాలుక మీదే ఆడుతోంది, పూర్తిగా మాత్రం రావడం లేదు. "బలహీనుడైనవానిని చేర్చుకొనుడి, అయినను..." ఆ తర్వాత "సంశయములను తీర్చుటకు" అని ఉంటుందా, "తీర్పు తీర్చుటకు" అనా? పుస్తకం తెరిస్తే తెలిసిపోతుంది, నిజమే. నా గొడవ అదొక్కటే అయితే ఇక్కడికి రాను. శ్రమదినాల (ఈస్టరుకు ముందు నలభై రోజుల ఉపవాస కాలం) కూడికలో ఒక పెద్దాయన ఈ వాక్యమే ఎత్తుకున్నారు. "చేర్చుకోమన్నాడు సరే, వెంటనే 'అయినను' అన్నాడు చూశారా? విధేయత అంతా ఆ 'అయినను' దగ్గరే ఉంది. ఉపవాసం ఉండనివాళ్లు, సంఘ క్రమానికి లోబడనివాళ్లు ముందు లోబడాలి, చేర్చుకోవడం ఆ తర్వాత" అని తేల్చేశారు. ఒక్క 'అయినను' ఇంత బరువు మోస్తుందా? సంఘ రాజకీయాల్లోకి వెళ్లకండి, మాట వరకే చెప్పండి.

అరసున్న:
'తీర్చుటకు' అనే ఉంది. "విశ్వాసము విషయమై బలహీనుడైనవానిని చేర్చుకొనుడి, అయినను సంశయములను తీర్చుటకు వాదములను పెట్టుకొనవద్దు." మీ చెవిలో 'తీర్పు' మోగుతున్నది మూడో వచనం నుంచి: "తిననివాడు తినువానికి తీర్పు తీర్చకూడదు." రెండూ కలిసిపోయాయి. ఇక 'అయినను' అంటారా, అది వెనక్కి తిరిగి 'చేర్చుకొనుడి'ని పట్టుకోదు, ముందుకెళ్లి 'పెట్టుకొనవద్దు'ను పట్టుకుంటుంది. "భోజనానికి పిలవండి, అయినా అప్పు సంగతి ఎత్తకండి" అన్నామనుకోండి. అప్పు తీర్చాకే భోజనం అని ఎవరైనా అర్థం చేసుకుంటారా?

గ్రీకుపుట:
గ్రీకు మూలంలో ఆ చోట 'అయినను' అనే మాటే లేదు. "ప్రొస్లంబానెస్థె, మే ఎయిస్ డియాక్రిసెయిస్ డియలోగిస్మోన్" అంతే. 'మే' అంటే 'వద్దు'. చేర్చుకోండి, ఆలోచనల మీద తీర్పుల కోసం మాత్రం వద్దు. 'అయినను' మన అనువాదకుడు అతికించినది.

అరసున్న:
గ్రీకుపుట గారూ, ప్రతి చర్చలోనూ మీరు మూలం తెచ్చి బల్ల మీద పెట్టేస్తే మాకు మిగిలేది ఏమిటి? మనం మాట్లాడుతున్నది తెలుగు వాక్యం గురించి. ఆ పెద్దాయన చెవిన పడిందీ తెలుగే. పైగా మీరు 'తీర్పులు' అన్న 'డియాక్రిసిస్'ను 'తీర్చు' అనడంలో తప్పేముంది? తీరు, తీర్చు, తీర్పు, అన్నీ ఒకే ధాతువు పిల్లలు. సంశయం తీర్చినా, తగువు తీర్చినా, తీర్పు తీర్చినా పని ఒకటే.

గ్రీకుపుట:
ఒకటే ఎలా అవుతుందండీ? సంశయం తీరిస్తే అవతలివాడికి ఊరట. తీర్పు తీరిస్తే అవతలివాడికి టెన్షన్.

నిమిత్తమాత్రురాలు:
అందరూ 'అయినను' చుట్టూ ప్రదక్షిణం చేస్తున్నారు. బరువంతా 'కొను'లో ఉంది, అక్కడ చూడండి. 'చేర్చుడి' అనలేదు, 'చేర్చుకొనుడి' అన్నాడు. జాబితాలో పేరు చేర్చొచ్చు, పిల్లవాణ్ణి బడిలో చేర్చొచ్చు. చేర్చినవాడు గడప బయటే ఉండి ఆ పని చేయగలడు. చేర్చుకోవాలంటే మాత్రం మనం కాస్త జరిగి చోటివ్వాలి. వ్యాకరణంలో ఆత్మార్థకం అన్నది దీన్నే. మత్తయి 25లో "పరదేశినై యుంటిని, నన్ను చేర్చుకొంటిరి" దగ్గర ఆ 'కొ' తీసేసి చదవండి, వాక్యం సత్రం గుమాస్తా మాటలా అయిపోతుంది.

పాత నిబంధన:
అమ్మా, ఇంకో మెట్టు పైకెక్కుదాం. 'కొను' అంటే విలువ ఇచ్చి తీసుకొనడం. "మీరు విలువపెట్టి కొనబడినవారు" అని మొదటి కొరింథీ 6:20. చేర్చుకొనడంలో చేర్చుకునేవాడే వెల చెల్లిస్తాడు. ఇది నేను ఎప్పటినుంచో చెబుతున్న సంగతే. ఎవరూ పట్టించుకోలేదు.

అరసున్న:
పట్టించుకోకపోవడానికి కారణం ఉంది లెండి. పడుకొనడంలో ఏం కొంటున్నాం? అలాగే అనుకొనడంలో?

పాత నిబంధన:
వెటకారం జవాబు కాదు.

నిమిత్తమాత్రురాలు:
వెల సంగతి పక్కన పెడదాం. 'కొను' ఎటు తిరిగితే మనిషి అటు తిరుగుతాడనడానికి లూకా 15:2 చూడండి. "ఈయన పాపులను చేర్చుకొని వారితో కూడ భోజనము చేయుచున్నాడని చాల సణుగుకొనిరి." ఒకే వాక్యంలో రెండు 'కొను'లు. ఒకాయన ఇంకొకరిని తన దగ్గరికి తీసుకున్నాడు, మిగతావాళ్లు తమలోకి తాము ముడుచుకున్నారు. అనువాదకుడు కావాలని చేశాడో లేదో గానీ, నాకు ఆ అధ్యాయం మొత్తం ఈ రెండు క్రియల్లోనే ఉన్నట్టుంటుంది.

గ్రీకుపుట:
అందంగా చెప్పారు, కాదనను. కానీ ఆ మూడుచోట్లా మూలంలో మూడు వేరు మాటలు. రోమాలో ప్రొస్లంబానో, లూకాలో ప్రొస్దెఖోమయ్, మత్తయి 25లో సునాగో. సునాగో అంటే పోగుచేయడం, సమాజమందిరానికి గ్రీకు పేరు అందులోంచే వచ్చింది. మన తెలుగు మూడింటినీ ఒకే మాటతో దాటించింది.

ఆకుపచ్చ సిరా:
దాటించడమా, కలపడమా? యెషయా 58:7 కూడా చూడండి. "దిక్కుమాలిన బీదలను నీ యింట చేర్చుకొనుటయు... ఇదియే గదా నాకిష్టమైన ఉపవాసము?" అక్కడా అదే మాట. పైగా అది ఉపవాసానికి నిర్వచనం. మా పెద్దాయన ఉపవాసం ఉంటేనే చేర్చుకుంటామన్నారు. యెషయా లెక్కలో చేర్చుకోవడమే ఉపవాసం.

క్రమశిక్షణ:
ఒక్క నిమిషం. అందరూ కలిసి విధేయతను గుమ్మం బయట నిలబెట్టేశారు. నలభై రోజుల కాలం దేనికి? "మరణము పొందునంతగా, అనగా సిలువమరణము పొందునంతగా విధేయత చూపినవాడై" అని ఫిలిప్పీ 2:8లో ఉంది కదా. దాన్ని వదిలేసి అందరూ రండి, ఎలాగైనా ఉండండి అనడం తేలిక. ఆ పెద్దాయన వ్యాకరణం తప్పేమో, ఆయన బాధ తప్పు కాదు.

అరసున్న:
బాధ ఆయనది. వాక్యం పౌలుది. ఒక చిన్న విషయం ఎవరూ గమనించినట్టు లేదు. ఇందులో 'బలహీనుడు' ఎవరు? రెండో వచనం: "ఒకడు సమస్తమును తినవచ్చునని నమ్ముచున్నాడు, మరియొకడు బలహీనుడైయుండి, కూరగాయలనే తినుచున్నాడు." బలహీనుడు నియమం తప్పినవాడు కాదండీ, నియమం ఎక్కువ పెట్టుకున్నవాడు! ఆ పెద్దాయన చదివిన వాక్యంలో చేర్చుకోమని చెప్పింది దాదాపు ఆయననే.

నిమిత్తమాత్రురాలు:
ఇది ఆ కూడికలో ఎవరైనా అని ఉంటే బాగుండేది.

క్రమశిక్షణ:
అక్కడ గొడవ ఏ మాంసం శుద్ధం, ఏది అశుద్ధం అని. ఉపవాస కాలం గురించి కాదు. తీసుకొచ్చి మన నలభై రోజులకు అతికించకండి.

అరసున్న:
అతికించింది మేము కాదు, ఆ పెద్దాయన. అయినా అయిదో వచనంలో రోజుల ప్రస్తావన ఉంది: "ఒకడు ఒక దినముకంటె మరియొక దినము మంచి దినమని యెంచుచున్నాడు." అక్కడ కూడా పౌలు ఒకరి పక్షం చేరడు. "ప్రతివాడు తనమట్టుకు తానే తన మనస్సులో రూఢిపరచుకొనవలెను" అని వదిలేస్తాడు. మళ్లీ 'కొను', నిమిత్తమాత్రురాలు గారూ.

నిమిత్తమాత్రురాలు:
చూశాను. విధేయతకు మన బైబిల్లో ఉన్న అచ్చ తెలుగు మాట ఏమిటో కూడా చూడండి. గైకొను. "మీరు నన్ను ప్రేమించినయెడల నా ఆజ్ఞలను గైకొందురు" అని యోహాను 14:15. కై అంటే చేయి. కైకొను అంటే చేతిలోకి తీసుకొను. పూజలు గైకొన్నాడు, కానుకలు గైకొన్నాడు అన్నప్పుడు ఉన్నది ఆ అర్థమే. ఆజ్ఞ కూడా మీద పడే బరువులా రాదు, చేయి చాచి అందుకునే వస్తువులా వస్తుంది. కాబట్టి క్రమశిక్షణ గారూ, విధేయతను బయట నిలబెట్టలేదు. 'చేర్చుకొనుడి' అన్నదే ఆజ్ఞ. దాన్ని గైకొనాల్సినది లోపల కూర్చున్నవాళ్లు. లోబడడం మొదలవ్వాల్సింది వాళ్ల దగ్గర.

పాత నిబంధన:
గైకొను ఉన్న మంచి వాక్యం యోహానుది కాదు, మొదటి సమూయేలు 15:22. "బలులు అర్పించుటకంటె ఆజ్ఞను గైకొనుటయు, పొట్టేళ్ల క్రొవ్వు అర్పించుటకంటె మాట వినుటయు శ్రేష్ఠము." 'మాట వినుట' అన్నది గమనించండి. మనకు మాట వినడు అంటే చెవుడు కాదు, లోబడడు అని. హీబ్రూలో 'షమా'కూ అదే తీరు, విన్నా అదే, లోబడినా అదే. గ్రీకులో విధేయతకున్న మాట 'హుపకొఎ' లోపలా వినడమే ఉంది. గ్రీకుపుట గారు ఒప్పుకోక తప్పదు.

గ్రీకుపుట:
ఒప్పుకున్నాను. 'కొను' వెల సంగతి మాత్రం ఒప్పుకోను.

చరిత్రపిచ్చి:
ఆలస్యంగా వచ్చాను. నలభై దినాలూ, వెలి, చేర్చుకోవడం, మూడూ ఒకేచోట దొరికేది క్రీ.శ. 325 నాటి క్రైస్తవ బిషప్పుల నైసియా మహాసభ అయిదో నియమంలో. ఒక బిషప్పు వెలివేసినవాణ్ణి ఇంకో బిషప్పు చేర్చుకోకూడదు అంటుంది. విధేయత! కానీ అక్కడితో ఆగదు. ఆ వెలి బిషప్పు గారి చిన్న మనసు వల్లో, పంతం వల్లో పడిందేమో విచారించండి అంటుంది. అందుకోసం బిషప్పులందరూ ఏటా రెండుసార్లు కూర్చోవాలి. మొదటిసారి నలభై దినాలకు ముందే, మనసుల్లో చేదు లేకుండా దేవునికి శుద్ధమైన కానుక పెట్టడానికి. అంటే ఆ కాలం మొదలయ్యేలోపు పరీక్షకు నిలబడేది వెలివేసినవాడు.

అరసున్న:
ఏ వెలివేసినవాడు?

చరిత్రపిచ్చి:
అర్థం కాలేదు.

అరసున్న:
తెలుగులో 'వెలివేసినవాడు' ఇద్దరికీ చెల్లుతుంది. వెలివేసిన బిషప్పూ వెలివేసినవాడే, బిషప్పు వెలివేసిన మనిషీ వెలివేసినవాడే. 'చేర్చుకున్నవాడు' కూడా అంతే. ఇందాకటి మూడో వచనం చివర "ఏలయనగా దేవుడతనిని చేర్చుకొనెను" అని ఉంటుంది. ఆ 'అతనిని' తినేవాడా, తిననివాడా?

క్రమశిక్షణ:
దగ్గరగా ఉన్నది 'తినువానికి'. కాబట్టి తినేవాడే. 'చేర్చుకొనెను' భూతకాలం, అంటే ఆ పని అప్పటికే అయిపోయింది. సరే, ఈ ముక్క వరకు మీ పక్షమే. మిగతాదానిలో కాదు.

పద్యపిపాసి:
చేర్చుకోవడం గురించి ఇంత చర్చ జరుగుతుంటే జాషువా గారి పేరు ఎవరూ ఎత్తలేదేమిటి? 1941లో వచ్చిన 'గబ్బిలం' చేర్చుకోని లోకం మీద రాసిన కావ్యం కదా. గుడిలోకి రానివ్వని మనిషి తన గోడు శివుడి చెవిన వేయమని గబ్బిలాన్ని బతిమాలతాడు. గబ్బిలానికి గుడి తలుపు అడ్డం కాదు.

పాత నిబంధన:
వచ్చింది గబ్బిలం! సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది 'క్రీస్తు చరిత్ర'కు, 1964లో. ఈ సందర్భానికి అది దగ్గర. దాన్ని ఎవరూ చదవరు.

పద్యపిపాసి:
చదివాం లెండి. బహుమతిని బట్టి కావ్యాన్ని ప్రేమించలేం. మేఘాన్ని దూతగా పంపిన కాళిదాసు యక్షుడికి ఉన్న వెసులుబాటు కూడా గబ్బిలాన్ని పంపిన ఈ అరుంధతీసుతుడికి లేదు. ఆ యక్షుడిది ఏడాది శాపం, గడువుంది. ఇతనిది పుట్టుకతో పడిన వెలి.

నిమిత్తమాత్రురాలు:
గబ్బిలం విషయంలో నాకో పేచీ ఉంది. గుడి దాన్ని చేర్చుకోలేదు, తరమలేదు అంతే. 'చేరనిచ్చు' వేరు, 'చేర్చుకొను' వేరు. చాలా సంఘాలు ఎవరినీ తరమడం లేదని గొప్పగా చెప్పుకుంటాయి. వెనక బల్ల మీద ఒంటరిగా కూర్చుని వెళ్లిపోయే మనిషిని ఎవరూ పొమ్మనరు, నిజమే. పలకరించేవాళ్లు కూడా ఉండరు. యెషయా ఆ వచనంలోనే "నీ రక్త సంబంధికి ముఖము తప్పింపకుండుటయు" అన్నది దీనికే. ముఖం తప్పించడానికి వెలివేయనక్కర్లేదు.

పద్యపిపాసి:
గబ్బిలాన్ని తప్పుపట్టకండమ్మా, అది తలకిందులుగా వేలాడే జీవి.

గ్రీకుపుట:
ఒక కొసరు. అదే మూడో వచనం మొదట్లో: "తినువాడు తిననివాని తృణీకరింపకూడదు." తృణం అంటే గడ్డిపోచ. కూరగాయలు తినేవాణ్ణి గడ్డిపోచలా చూడకూడదట! మూలంలో గడ్డి లేదు, 'సున్నాగా లెక్కగట్టు' అని మాత్రమే ఉంది. మన అనువాదకుడు చమత్కరించాడని నా నమ్మకం.

అరసున్న:
చమత్కారం ఏమీ లేదు. తృణీకరించు అనేది వాడుకలో అరిగిపోయిన మాట, అందులో గడ్డి ఎవరికీ కనిపించదు.

గ్రీకుపుట:
నాకు కనిపించింది.

పాత నిబంధన:
'తృణప్రాయం' అన్నప్పుడు కనిపించే గడ్డి 'తృణీకరించు' దగ్గరికి వచ్చేసరికి ఎక్కడికి పోతుంది, అరసున్న గారూ? ఈ 'ఈకరించు' ప్రత్యయం మీద విడిగా ఒక చర్చ పెడదాం. అంగీకరించు కూడా అదే కోవ, అక్కడ 'అంగం' సంగతి కూడా తేలాలి.

అరసున్న:
పెట్టండి. కానీ ఈసారి వెల, కొనుగోలు లేకుండా.