చర్చ: 8 ఏళ్ళ పిల్లలకి ఇంటి వంట నేర్పాలా? పొయ్యి దగ్గరికి ఎప్పుడు రానివ్వాలి?

ఎంవీపీ అమ్మ:

మాది విశాఖపట్నంలో ఎంవీపీ కాలనీ. బాబుకి 9, పాపకి 7. వేసవి సెలవుల నుంచి ఇద్దరికీ మేం రోజూ తినే వంటే నేర్పుతున్నాను. కేకులు, పిజ్జాలు కాదు. అన్నం, పప్పు, చారు, ఏదో ఒక వేపుడు, పాలు తోడుపెట్టడం. నేను పక్కన ఉంటే బాబు ఇప్పుడు అన్నం, టమాటా పప్పు చేసేస్తాడు. పాప బియ్యం కడుగుతుంది, చిక్కుళ్ళు ఒలుస్తుంది, చపాతీ పిండి కలుపుతుంది.

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఈ మాట చెబితే పెద్ద చర్చ అయిపోయింది. పసిపిల్లల చేత పని చేయిస్తావా అని కొందరు, మగపిల్లాడికి ఇదంతా ఎందుకని ఒకావిడ. మా అత్తగారికేమో నిప్పంటే భయం. నా నమ్మకం ఒక్కటే. పిల్లలు నేర్చుకునే మొదటి వంట ఇంటిల్లిపాదీ కూర్చుని తినేదై ఉండాలి. సరదాకి చేయించిన వంటని పిల్లలే రెండు రోజుల్లో మర్చిపోతారు. తాము వండిన పప్పు తాతగారు కలుపుకుని తింటుంటే మాత్రం ఆ ముఖాలు వేరుగా ఉంటాయి. మీ ఇళ్ళలో ఏ వయసులో మొదలుపెట్టారు? వద్దనుకుంటే ఎందుకు వద్దనుకున్నారు? ఉన్నదున్నట్టు చెప్పండి.

సీతమ్మధార మామ్మ:

అమ్మాయ్, నీ ఉద్దేశం మంచిదే. నాకు పదేళ్ళకే కుంపటి రాజేయడం వచ్చు. అయినా నా మనవల్ని పొయ్యి దగ్గరికి రానివ్వను, ఎందుకో చెప్తాను విను. మా రోజుల్లో పొయ్యి నేల మీద ఉండేది. పీట వేసుకుని కూర్చుంటే గిన్నె మన మోకాలి దగ్గర ఉండేది, లోపల ఏం ఉడుకుతోందో పైనుంచి కనిపించేది. ఇప్పుడు గట్టు వచ్చింది. గట్టు ఎత్తు రెండున్నర అడుగుల పైమాటే, దాని మీద స్టవ్వు, దాని మీద గిన్నె. ఏడేళ్ళ పిల్లకి ఆ గిన్నె అంచు సరిగ్గా ముఖానికి వస్తుంది. లోపల ఏముందో కనిపించదు, ఆవిరి మాత్రం కళ్ళలోకి కొడుతుంది. మేం చిన్నప్పుడు చెయ్యలేదా అనేవాళ్ళు ఈ తేడా చూడరు.

నేల మీద చాప వేసి కూర్చోబెట్టి చేయించే పనులు బోలెడు. వెల్లుల్లి ఒలవడం, ఆకుకూర బాగుచేయడం, మజ్జిగ చిలకడం, చోడిపిండి, అదే రాగిపిండి, నీళ్ళలో ఉండ కట్టకుండా కలపడం. పదేళ్ళు వచ్చేదాకా అవి చాలు.

ఉక్కునగరం నాన్న:

మామ్మగారు చెప్పిన ఎత్తు సంగతి నూటికి నూరుపాళ్ళు నిజం. దానికి నేను చేసింది, వెడల్పాటి చెక్క బల్ల ఒకటి చేయించి గట్టు దగ్గర వేశాను. కదలదు, జారదు. స్టూలు మాత్రం ఎవరూ వెయ్యకండి, పిల్లలు వెనక్కి అడుగేస్తే పడిపోతారు.

నేను షిఫ్టుల్లో పనిచేస్తాను. నైట్ షిఫ్టు దిగి వచ్చేసరికి మా ఆవిడ డ్యూటీకి వెళ్ళిపోతుంది, కాబట్టి సెలవుల్లో పిల్లలకి వంట నేర్పింది నేనే. ప్లాంటులో కొత్తగా చేరినవాడికి ఎలా నేర్పుతామో అలాగే నేర్పాను. ముందు చూస్తాడు, తర్వాత నా చెయ్యి మీద చెయ్యి వేసి చేస్తాడు, ఆ తర్వాత నా కళ్ళ ముందు ఒక్కడే చేస్తాడు. మధ్యలో ఏ మెట్టూ దాటించను. చెప్పకుండా నాబ్ ముట్టుకుంటే ఆ రోజు వంట అక్కడితో ఆగిపోతుంది.

మగపిల్లాడికి ఎందుకన్న ఆవిడకి జవాబు ప్రభుత్వ లెక్కల్లోనే ఉంది. 2019లో దేశమంతా జరిగిన టైమ్ యూజ్ సర్వేలో ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు చేస్తున్నారని తేలింది. మగవాళ్ళది 97 నిమిషాలు. అదీ అసలు ఇంటిపని ముట్టుకునే మగవాళ్ళ సగటు, ముట్టుకోనివాళ్ళు అందులో లేరు. మా అబ్బాయి పెద్దయ్యాక ఈ లెక్క ఇలాగే ఉండకూడదని నా కోరిక. అందుకే మా ఇంట్లో పప్పు అబ్బాయిది, స్కూటర్ టైరుకి గాలి కొట్టడం అమ్మాయిది.

మధురవాడ ఐటీ:

ఇంత టెన్షన్ ఎందుకండీ, ఇండక్షన్ స్టవ్ పెట్టండి. మంట లేదు, గ్యాస్ లీకు లేదు, చున్నీకి నిప్పంటుకునే భయం లేదు, టైమర్ పెడితే అదే ఆగుతుంది. మా పాప ఎనిమిదేళ్ళకే దాని మీద ఉప్మా చేస్తోంది.

వార్డు నర్సు:

నేను నగరంలో ఒక ఆసుపత్రిలో కాలిన గాయాల వార్డులో పనిచేస్తున్నాను. ఇండక్షన్ మాట విని ఊరుకోలేక రాస్తున్నాను. చిన్నపిల్లల్లో మేం ఎక్కువగా చూసేది మంట వల్ల కాలినవి కాదు. వేడినీళ్ళు, గంజి, చారు, టీ, పాలు మీద పడి కాలినవి. ఇండక్షన్ మీద మరిగినా నీళ్ళు నీళ్ళే. పైగా చాలా ఇళ్ళలో దాన్ని కింద నేల మీదో, చిన్న టీపాయ్ మీదో పెడతారు, వైరు వేలాడుతూ ఉంటుంది. పాకే పిల్లలున్న ఇంట్లో అది గ్యాస్ కన్నా ప్రమాదం. పిల్లల చర్మం పెద్దవాళ్ళ చర్మం కన్నా పలచన, అదే వేడికి ఇంకా లోతుగా కాలుతుంది.

అలాగని నేర్పొద్దని నేననను. నిజానికి మా దగ్గరికి వచ్చే పిల్లల్లో వంట చేస్తూ కాలినవాళ్ళ కన్నా, వంటింట్లో ఆడుకుంటూ గిన్నె లాగేసుకున్నవాళ్ళే ఎక్కువ. ఏది వేడిగా ఉంటుందో తెలిసిన పిల్లలకి జాగ్రత్త కూడా ఎక్కువే. కాకపోతే ఏం నేర్పుతున్నామన్నది చూసుకోవాలి. పిల్లలకి అత్తెసరు అన్నమే నేర్పండి, గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్ళు. గంజి వార్చడం మాత్రం పన్నెండు, పదమూడేళ్ళు వచ్చి చేతుల్లో బలం వచ్చేదాకా వద్దే వద్దు. మరిగే నీళ్ళతో నిండిన గిన్నెని వంచడం వంటింట్లో అన్నిటికన్నా ప్రమాదకరమైన పని, పెద్దవాళ్ళే తడబడతారు. కుక్కర్ మూత కూడా అంతే. లోపల వేడి 120 డిగ్రీల దాకా ఉంటుంది. ఆవిరి దానంతట అదే పూర్తిగా పోయాక పెద్దవాళ్ళే తియ్యాలి. పోపుకి నూనె వేసే బాణలి బాగా ఆరి ఉండాలి, తడి ఉంటే చిందుతుంది. గిన్నె కాడలు ఎప్పుడూ గోడవైపుకి తిప్పి ఉంచాలి. పట్టుకోవడానికి పట్టకారు కానీ పొడి మసిగుడ్డ కానీ వాడాలి. గుడ్డ తడిస్తే వేడి క్షణంలో చేతికి తగులుతుంది. నైలాన్, జార్జెట్ బట్టలతో పొయ్యి దగ్గరికి రావద్దు.

ఎంత జాగ్రత్తపడినా కాలిందే అనుకోండి. కుళాయి కింద మామూలు నీళ్ళ ధారలో 20 నిమిషాలు ఉంచాలి. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు తీసేయాలి. ఐస్ వద్దు, టూత్‌పేస్ట్ వద్దు, ఇంకు వద్దు, పసుపు వద్దు. శుభ్రమైన గుడ్డ కప్పి తీసుకురండి. ముఖం కానీ చేతులు కానీ కాలినా, గాయం పిల్లల అరచేతి కన్నా పెద్దదైనా, ఇంట్లో ఆలోచిస్తూ కూర్చోకుండా 108కి చెయ్యండి. పిల్లలకి వంట నేర్పే ముందు ఇది నేర్పండి.

గాజువాక పెద్దకూతురు:

ఇంతమంది ఆనందంగా రాస్తుంటే నా మాట చేదుగా ఉండొచ్చు. నాకు తొమ్మిదేళ్ళప్పటికే మా నాన్న లేరు. అమ్మ తెల్లారకుండా రొయ్యల కంపెనీకి పనికి వెళ్ళేది. ఇద్దరు తమ్ముళ్ళు. అన్నం, కూర నేనే వండి, వాళ్ళకి పెట్టి, గిన్నెలు తోమి బడికి వెళ్ళేదాన్ని. రెండో పీరియడ్‌కి వెళ్తే బయట నిలబెట్టేవాళ్ళు. ఒంట్లో బాగాలేని రోజైనా, పరీక్ష ఉన్న రోజైనా నేను వండితేనే ఇంట్లో తిండి. తమ్ముళ్ళకి ఎవరూ గరిటె చేతికివ్వలేదు. నాకంటే ఏడాదే చిన్న ఒకడు.

పిల్లలకి వంట నేర్పితే బాధ్యత వస్తుందని రాసేవాళ్ళందరినీ ఒక్కటడుగుతాను. మీ పిల్ల "ఈ రోజు నేను చెయ్యను" అంటే ఆ పూట ఇంట్లో అన్నం ఉంటుందా? ఉంటే మీరు నేర్పుతున్నట్టు. లేకపోతే మీ పని తీసుకెళ్ళి ఆ పిల్ల నెత్తిన పెట్టినట్టు. నాకు వంట బాగా వచ్చు, ఆవ పెట్టిన కూర నాలాగా మా బంధువుల్లో ఎవరూ చెయ్యలేరు. కానీ నేను దాన్ని ఇష్టంగా నేర్చుకోలేదు. ఇప్పుడు మా పాపకి పన్నెండేళ్ళు. నేర్పుతున్నాను, ఆదివారాలు మాత్రమే, అదీ తను అడిగితేనే.

ఎంవీపీ అమ్మ:

అక్కా, మీ ప్రశ్న మా ఆయనకి కూడా చదివి వినిపించాను. మా ఇంట్లో ఉంటుంది, పిల్లలు వద్దంటే నేనో ఆయనో వండుతాం. అయితే ఒక్క విషయంలో మీతో ఏకీభవించలేను. అడిగితేనే నేర్పుతానంటే, అడగని పిల్లలు ఎప్పటికీ నేర్చుకోరు. మా బాబు అడగడు. పళ్ళు తోముకోవడం కూడా అడిగి నేర్చుకోలేదు. వారానికి రెండు పూటలు నాతో వంటింట్లో ఉండాలని నియమం పెట్టాను. ఆ పూట ఏం వండాలో వాడి ఇష్టం. ఎంతసేపు ఉండాలో నా ఇష్టం.

గాజువాక పెద్దకూతురు:

పాపకి కూడా అదే నియమం, అవే రెండు పూటలు అయితే నాకు అభ్యంతరం లేదమ్మా. పాపకి ఏడేళ్ళకే పిండి కలపడం వచ్చింది, బాబుకి తొమ్మిదేళ్ళకి పప్పు వచ్చింది అని రాశావు. ఇంకో ఐదేళ్ళకి ఎవరు ఎక్కువ చేస్తున్నారో గమనించుకో. చుట్టాలు వచ్చినప్పుడు ఎవర్ని లోపలికి పిలుస్తున్నావో అది కూడా చూసుకో.

ఫౌండేషన్ పేరెంట్:

అసలు టైం ఎక్కడుందండీ? మావాడు ఆరో తరగతి. బడి అయ్యాక ఐఐటీ ఫౌండేషన్ క్లాసు, ఇంటికొచ్చేసరికి ఎనిమిది. ఆదివారం టెస్టు. వంట ఎప్పుడైనా నేర్చుకోవచ్చు, ర్యాంకు పోతే పోయినట్టే. హాస్టల్లో మెస్సు ఉంటుంది, తర్వాత ఉద్యోగం వస్తే వంటమనిషిని పెట్టుకుంటాడు.

గోపాలపట్నం టీచరు:

నేను ప్రాథమిక పాఠశాల టీచర్ని. పైన రాసినాయన బాధ నాకు తెలుసు, తల్లిదండ్రులందరి నోటా ఇదే మాట. కానీ చదువు గురించి బాగా పట్టించుకునే దేశాలు దీన్ని చదువులో భాగంగానే చూస్తున్నాయి. జపాన్‌లో ఐదు, ఆరు తరగతుల పిల్లలకి గృహవిజ్ఞానం తప్పనిసరి పాఠం, అందులో అన్నం, మిసో సూపు వండటం నేర్పుతారు. అబ్బాయిలకీ అమ్మాయిలకీ ఒకే పాఠం. ఇంగ్లండ్‌లో 2014 నుంచి 14 ఏళ్ళ వరకు వంట పాఠ్యాంశంలో ఉంది. మనకీ 1937లో వార్ధాలో గాంధీగారు ప్రతిపాదించిన నయీ తాలీమ్‌లో చేతిపనే చదువుకి మూలం.

భిన్నాలు రాని పిల్లలకి నేను గ్లాసు, అరగ్లాసు, పావుగ్లాసులతో చెప్పాను, అర్థమైంది. నలుగురికి గ్లాసున్నర బియ్యం అయితే ఆరుగురికి ఎంత? దీనికి జవాబు ఇంట్లో వండే పిల్లలు నోటితో చెప్పేస్తారు. వంట పొయ్యి దగ్గరే మొదలవ్వాలని కూడా లేదు. రైతుబజారుకి పిల్లల్ని తీసుకెళ్ళండి. ధరల బోర్డు చదివించండి, చివర విరిచి లేత బెండకాయ ఏరనివ్వండి, చిల్లర లెక్క వాళ్ళ చేతే చెప్పించండి. ఫౌండేషన్ క్లాసుకి వెళ్ళే పిల్లాడికైనా ఆదివారం పొద్దున్న ఒక గంట దొరుకుతుంది.

భీమిలి:

చేపలు కూడా. మా గుంటడికి ఎనిమిదేళ్ళు, మొప్పలు ఎర్రగా ఉన్నాయా, కళ్ళు తేటగా ఉన్నాయా అని చూసి నాకంటే బాగా ఏరుతాడు. కొయ్యడం మాత్రం వాళ్ళ అమ్మే.

సీతమ్మధార మామ్మ:

బల్ల మాట నాకు నచ్చింది, బాబూ. మా అబ్బాయికి చెప్పి చేయిస్తాను. అయినా పదేళ్ళ లోపు నిప్పు వద్దన్న మాట మీదే ఉన్నాను. నర్సమ్మ చెప్పినదాంతో ఇంకా గట్టిపడింది. మరో మాట. గ్యాస్ గాలి కన్నా బరువు, లీకైతే నేల మీద పరుచుకుంటుంది. వాసన వస్తే స్విచ్చి ముట్టుకోకుండా తలుపులు తీసి బయటికి పరుగెత్తి 1906కి ఫోన్ చెయ్యాలని మీ పిల్లల్లో ఎంతమందికి తెలుసో అడిగి చూడండి.

ఎంవీపీ అమ్మ:

మావాళ్ళకి తెలియదు మామ్మగారూ, రేపే చెప్తాను. పాపని పదేళ్ళదాకా పొయ్యి దగ్గరికి రానివ్వకూడదనే నిర్ణయించుకున్నాను, బాబుకి మాత్రం ఆపను. ఇక్కడ ఎవరికైనా తెలిస్తే చిన్న సందేహం. నిన్న వాడు పప్పు, చింతపండు పులుసు, పచ్చిమిర్చి అన్నీ ఒకేసారి కుక్కర్లో పెట్టాడు. ఎన్ని కూతలు వచ్చినా పప్పు పలుకుగానే ఉంది. పాపం, చాలా డీలా పడ్డాడు.

ఉక్కునగరం నాన్న:

పులుపు ముందే పడితే పప్పు మెత్తబడదండీ. కందిపప్పు అరగంట నానబెట్టి ఒట్టి నీళ్ళతో ఉడికించమనండి, ఎనిపాక చింతపండు పులుసు పోసి ఒక పొంగు రానివ్వమనండి. మీది బోరు నీళ్ళయితే అవీ ఒక కారణమే, ఉప్పునీళ్ళలో పప్పు తొందరగా ఉడకదు. తాగే నీళ్ళతో చేసి చూడమనండి. మళ్ళీ వాడి చేతే చేయించండి, మీరు అందుకోకండి.