చెన్నైలో నీళ్లెత్తే చేతిపంపు బెంగళూరులో ఎందుకు ఎత్తదు?

ప్రశ్న (యలహంక, బెంగళూరు):
బావిలో నీళ్లు గట్టు నుంచి 24 అడుగుల లోతున ఉన్నాయి. పక్కనే చేతిపంపు, ఒకటింపావు అంగుళం పైపు. పైనుంచి నీళ్లు పోసి కొడితే బుడగలతో కాసిని వచ్చి ఆగిపోతున్నాయి. పిస్టన్‌కు వేసే లెదర్ వాషర్ కొత్తదే. చెన్నై అడయార్‌లో ఇదే పంపు ఇదే లోతు నుంచి ఎత్తుతోంది. హ్యాండిల్ పొడుగుది వేయిస్తే సరిపోతుందా?

జవాబు 1 (జయనగర్):
హ్యాండిల్ పొడుగైతే చేతికి తేలిక, అంతేనండి. నీళ్లు అంగుళం కూడా ఎక్కువ ఎక్కవు. పిస్టన్ లేచినప్పుడు పైపులో గాలి పలచబడుతుంది. అప్పుడు బావి నీటి మీద ఉన్న బయటి గాలి బరువు నీళ్లను పైపులోకి తోస్తుంది. ఆ తోపు ఎంతో ఎత్తూ అంతే. సముద్రమట్టంలో గాలి 760 మిల్లీమీటర్ల పాదరసాన్ని నిలబెడుతుంది. పాదరసం నీటికి 13.6 రెట్లు బరువు కాబట్టి నీరైతే 10.3 మీటర్లు, దాదాపు 34 అడుగులు. బెంగళూరు సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది, ఇక్కడ పాదరసం 680 దగ్గరే నిలుస్తుంది. అంటే నీళ్లు 30 అడుగులు. అదీ కాగితం మీద. వాషర్ అంచున జారే గాలి, వాల్వు బరువు, పైపు రాపిడి పోగా చెన్నైలో 24, 25 వస్తే మనకు 21 దక్కడమే గొప్ప.

కొలత నీటిమట్టం నుంచి పిస్టన్ లేచే పైచోటు దాకా తీయండి, గట్టు దాకా కాదు.

జవాబు 2 (మైలాపూర్):
బుడగలంటే గాలి ఎక్కడో దూరుతోంది. కొట్టేటప్పుడు పైపు లోపల ఒత్తిడి బయటికన్నా తక్కువ కాబట్టి, పాడైన జాయింటు చుక్క కార్చదు, గాలి పీలుస్తుంది. బయటి నుంచి ఎంత చూసినా దొరకదు. పైపు మొత్తం పైకి తీసి, నిలువుగా వేలాడదీసి, నిండా నీళ్లు పోయండి. జాయింటు దగ్గర కారితే టెఫ్లాన్ టేపు చుట్టాలి, మర తిరిగే దిక్కుకే. అడుగున కారితే ఫుట్‌వాల్వులో, అంటే పైపులోని నీళ్లు కిందికి జారకుండా ఆపే కవాటంలో, ఇసుక ఇరుక్కుందో, రబ్బరు గట్టిపడిందో. దాన్ని బావి అడుగు బురదకు కనీసం అడుగున్నర పైన ఉంచండి.

కొత్త వాషర్ అన్నారు, పొడిగానే వేశారా? తోలు రాత్రంతా నీళ్లలో నానాలి, ఆ తర్వాత ఆముదం పట్టించాలి. వాషర్ గిన్నెలా ఉంటుంది కదా, దాని నోరు పైకే ఉండాలి. తిరగబడితే పిస్టన్ లేచేటప్పుడు అంచు పంపు లోపలి గోడకు ఒత్తుకోదు, పట్టు ఉండదు.

ప్రశ్న అడిగినవారు:
దిమ్మెతో కలిపి కొలిస్తే 26 వచ్చింది. జాయింట్లు సరిచేసినా లాభం లేదన్నమాటేనా? పంపును బావిలో ఒక రింగు మీదికి దించొచ్చా?

జవాబు 3 (కోరమంగళ):
లాభం లేదండి. దించాల్సింది సిలిండర్, అంటే పిస్టన్ ఆడే గొట్టం, హ్యాండిల్ కాదు. సిలిండర్‌ను నీళ్లలో ముంచి, హ్యాండిల్‌ను పిస్టన్‌కు కలిపే రాడ్ పొడిగిస్తే పిస్టన్ మీది నీటిని రాడ్డే ఎత్తుతుంది, గాలి తోపుతో పనిలేదు. ఊళ్లలో బోర్ల మీద కనిపించే ఇండియా మార్క్ 2 చేతిపంపు చేసేది అదే, అందుకే 100 అడుగుల లోతు దానికి లెక్క కాదు. మోటారే కావాలంటే జెట్ పంపు, అది కొంత నీటిని తిరిగి కిందికి పంపి, ఆ ధారతో బావి నీటిని పైకి తోస్తుంది. మామూలు మోనోబ్లాక్‌ను (మోటారు, పంపు ఒకటిగా ఉండేది) పైన పెడితే హెచ్‌పీ రెట్టింపు చేసినా గాలి హద్దు అదే.

ఒక్క మాట: పనికి ఎవరినీ తాడుతో నేరుగా బావిలోకి దించకండి. పాత బావుల అడుగున ఊపిరాడే గాలి ఉండకపోవచ్చు. లోపల పెట్రోలు, డీజిల్ ఇంజన్ అసలే వద్దు. సిలిండర్‌ను పైపుతో సహా పైన బిగించి దించేయొచ్చు, మనిషి దిగే పనే లేదు.