కొబ్బరి డొక్కల కింద కనిపించిన పాము హాగ్‌నోసేనా? దానిని పెంచుకోవచ్చా?

లంకగట్టు (రాజోలు ప్రాంతం):
అందరికీ నమస్కారం. మాది గోదావరి పాయల నడుమ ఉన్న ఒక లంక గ్రామం. ఈ ఉదయం తోటలో కొబ్బరి డొక్కల గుట్టను ఎత్తిస్తుండగా, అడుగున ఇసుకలో సగం కూరుకుపోయి ఉన్న ఒక పాము బయటపడింది. పొడవు మూరెడుకు కాస్త ఎక్కువ ఉంటుంది. ఒళ్లు లావుగా, గోధుమరంగులో ఉండి, వీపు మీద ముదురు మచ్చలు ఉన్నాయి. పనివారు కర్ర ఎత్తబోతే మా మేనల్లుడు అడ్డుపడి, అది హాగ్‌నోస్ అనీ, దాని కాటుకు మనిషి చావడనీ, అమెరికాలో పిల్లలు కూడా దానిని పెంచుకుంటారనీ చెప్పి, ప్లాస్టిక్ డ్రమ్మును దానిమీద బోర్లించాడు. వాడు ఫోనులో ఈ పాముల వీడియోలు చాలా చూశాడు. డ్రమ్ము వేసే ముందు తీసిన ఫోటో జతచేస్తున్నాను, కొంచెం చెదిరింది. ఇది నిజంగా ఆ జాతేనా? అయితే ఇంట్లో ఉంచుకోవచ్చునా? తెలిసినవారు చెప్పగలరు.

కాన్సాస్‌లో కోనసీమ:
లంకగట్టు గారూ, ముందుగా ఒక మాట. దయచేసి ఆ డ్రమ్మును ఎవరూ ఎత్తవద్దు, అబ్బాయిని దాని దగ్గరకు వెళ్లనివ్వవద్దు. ఆ పాము ఏదైనా కావచ్చు కాని హాగ్‌నోస్ మాత్రం కాదు. నేను ముమ్మిడివరం దగ్గర పుట్టి పెరిగి, ఇప్పుడు కాన్సాస్‌లో ఉంటున్నాను. ఆరేళ్లుగా మా ఇంట్లో ఒక ఆడ హాగ్‌నోస్ ఉంది కనుక ఈ మాట ధైర్యంగా చెప్పగలుగుతున్నాను. అమ్మకానికి పెంచే పడమటి హాగ్‌నోస్‌గానీ, దాని దాయాది అయిన తూర్పు హాగ్‌నోస్‌గానీ ఉత్తర అమెరికాకు చెందినవి. మడగాస్కర్‌లోనూ దక్షిణ అమెరికాలోనూ అదే పేరుతో పిలిచే వేరే పాములున్నాయి గాని, భారతదేశంలో ఏ హాగ్‌నోసూ సహజంగా లేదు.

హాగ్ అంటే పంది. పంది మోరతో నేలను పెళ్లగించినట్టు ఈ పాము మూతితో ఇసుకను తవ్వుతుంది. ముక్కు కొనన ఉన్న పొలుసు పైకి తిరిగి, చిన్న పార మొనలా నిలబడి ఉంటుంది. పక్కనుంచి చూస్తే పొరబడే అవకాశమే లేదు. కంటిపాప గుండ్రంగా ఉంటుంది. పడమటి జాతికి పొట్ట కింద ఎక్కువ భాగం నల్లగా ఉంటుంది; తూర్పు జాతికి తోక అడుగుభాగం పొట్టకంటే లేతగా ఉంటుంది. మీ ఫోటో చెదిరినా మూతి మొద్దుగా ఉందని తెలుస్తోంది. పైకి తిరిగిన మొన లేదు.

అమలాపురం పాములపట్టు:
పైవారు చెప్పినది నిజం. పాములను పట్టి దూరంగా వదిలే పనిలో పదకొండేళ్లుగా ఉన్నాను. మన డెల్టాలో ఈ వర్ణన వినగానే నాకు రెండు పాములు గుర్తుకు వస్తాయి. ఒకటి పూడుపాము. అది ఇసుకలో దూరి ఉంటుంది, విషం లేదు, ఎలుకలను చుట్టి బిగించి చంపుతుంది. రెండోది రక్తపింజరి. దాని గురించి ఇక్కడివారికి వేరే చెప్పనక్కరలేదు. ఈ రెండింటినీ తారుమారుగా పోల్చుకోవడం వల్ల ఏటా ఎన్ని పూడుపాములు అన్యాయంగా చస్తున్నాయో, ఎందరు మనుషులు పింజరిని "మన్ను తిన్న పాము" అనుకుని చేత్తో ఎత్తబోయారో నేను కళ్లారా చూశాను.

తేడా తలదగ్గర కంటే తోకదగ్గర తేలికగా కనబడుతుంది. పూడుపాము తోక మొండిగా ఉండి, ఒళ్లు హఠాత్తుగా ముగిసిపోయినట్టు ఉంటుంది. తోక పైపొలుసులు తాటిమట్ట అంచులా గరుకుగా ఉంటాయి. మెడ వేరుగా కనిపించదు, కన్ను చిన్నది. మచ్చలకు ఒక క్రమం ఉండదు, ఒకదానితో ఒకటి కలిసిపోయి వంకరటింకర పట్టీలా తోస్తాయి. రక్తపింజరికి తల త్రికోణంగా ఉండి మెడనుంచి స్పష్టంగా విడివడి కనిపిస్తుంది. వీపు మీద గొలుసు కట్టినట్టు మూడు వరుసల మచ్చలు, ఒక్కొక్క మచ్చకు నల్లటి అంచు ఉంటాయి. కోపం వస్తే ప్రెషర్ కుక్కర్ ఆవిరి వదిలినట్టు బుస కొడుతుంది. కంటిపాప మాత్రం రెండింటికీ నిలువుగానే ఉంటుంది కనుక ఆ గుర్తును నమ్ముకోవద్దు. అయినా కన్ను చూడగలిగినంత దగ్గరకు వెళ్లడమే తప్పు.

లంకగట్టు:
అందరికీ కృతజ్ఞతలు. డ్రమ్ము మీద రాయి పెట్టించాను. పనివారిలో ఒకరు తోక మొండిగా ఉందని అంటున్నారు, మరొకరు పింజరేనని పట్టుబడుతున్నారు. అటవీశాఖ వారికి ఫోన్ చేశాను, మధ్యాహ్నానికి మనిషిని పంపుతామన్నారు. మేనల్లుడు మాత్రం ముఖం మాడ్చుకుని కూర్చున్నాడు.

విశ్రాంత నర్సు, కొత్తపేట:
ఆ అబ్బాయిని కోప్పడకండి, పామును చంపనివ్వలేదు కదా. కాని నేను చూసిన ఒక సంగతి వాడికి వినిపించండి. చాలా ఏళ్ల క్రితం వరికోతల సమయంలో ఒక యువకుణ్ణి మా ఆసుపత్రికి తీసుకువచ్చారు. గడ్డిమేటు దగ్గర పూడుపాము అనుకుని ఒక చిన్న పామును తోకపట్టి ఎత్తాడు. అది అడుగు పొడవు కూడా లేని పింజరి పిల్ల. పింజరి గుడ్లు పెట్టదు, పిల్లలనే కంటుంది, పుట్టిన రోజునుంచే ఆ పిల్లలకు విషం ఉంటుంది. వేలు వాచి, చిగుళ్లనుంచి రక్తం కారడం మొదలైంది. శుభ్రమైన గాజుగొట్టంలో రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి చూస్తే గడ్డకట్టలేదు. పింజరి విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు, మూత్రపిండాలను కూడా దెబ్బతీస్తుంది. సకాలంలో మందు అందింది కనుక బతికాడు గాని, చాలాకాలం కోలుకోలేదు.

మన ఆసుపత్రులలో ఉండే విషవిరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి అనే నాలుగింటికి పనిచేస్తుంది. అందువల్ల కరిచిన పామును వెతికి చంపి తెచ్చే పని పెట్టుకోవద్దు. కాటుపడిన కాలిని లేదా చేతిని కదలనివ్వకుండా, కోయకుండా, తాడుతో బిగించకుండా, మంత్రం పేరుతో గంటలు పోగొట్టకుండా తీసుకురండి. ఎవరికైనా కట్లపాము కాటు అనుమానమున్నా ఇదే మాట. ఆ కాటుకు నొప్పి దాదాపు ఉండదు, నేలమీద పడుకున్నవారు తెల్లవారుజామున కడుపునొప్పి అనో, కనురెప్పలు వాలిపోతున్నాయనో వస్తారు.

భీమవరం చెరువులు:
మా రొయ్యల చెరువుల చుట్టూ పీతలు రాకుండా కట్టే వలల్లో వారానికో పాము చిక్కుకుంటుంది. అన్నిటికంటే ఎక్కువ నీరుకట్టెలే. వాటికి విషం లేదు గాని, కోపం వస్తే మెడ చదును చేసి కాస్త పైకి లేస్తాయి, కొత్తవారు నాగుపాము అనుకుని హడలిపోతారు. ఒకసారి దీనికి విరుద్ధమైన సంఘటన జరిగింది. మా దగ్గర మేత వేసే కుర్రాడు మెడ చదును చేసిన పామును చూసి, "ఇది ఉత్త నటన, హాగ్‌నోస్ లాంటిదే" అని నవ్వుతూ వల లాగబోయాడు. అది నిజమైన నాగుపాము. పక్కనున్న పెద్దాయన చేయి పట్టి వెనక్కి లాగారు కనుక గండం గడిచింది. హాగ్‌నోస్ నాగుపాములా నటించే ఈ వీడియోలు మన ప్రాంతానికి చేస్తున్న చెరుపు ఇదేనని నా అభిప్రాయం.

కాన్సాస్‌లో కోనసీమ:
చెరువుల వారు చెప్పింది అక్షరాలా నిజం, అందుకే ఆ నటన సంగతి కొంచెం వివరంగా రాస్తాను. హాగ్‌నోస్ బెదిరితే మొదట మెడను నాగుపాములా చదును చేసి, గట్టిగా బుసకొట్టి, నోరు మూసుకునే ముక్కుతో పొడుస్తుంది. అప్పటికీ శత్రువు పోకపోతే వెల్లకిలా తిరిగి, నోరు తెరిచి, నాలుక వేలాడేసి, దుర్వాసన వదిలి చచ్చినట్టు పడుకుంటుంది. మనం దానిని బోర్లా తిప్పితే మళ్లీ వెల్లకిలా తిరుగుతుంది, తన నాటకం తనే బయటపెట్టుకుంటుంది! 1988లో గోర్డన్ బర్గార్ట్, హ్యారీ గ్రీన్ అనే శాస్త్రవేత్తలు అప్పుడే గుడ్డునుంచి వచ్చిన పిల్లలను పరిశీలించి, ఎదుట మనిషి కళ్లార్పకుండా వాటినే చూస్తూ ఉంటే అవి తేరుకోవడానికి ఎక్కువ సమయం తీసుకున్నాయనీ, చూపు పక్కకు తిప్పుకుంటే త్వరగా లేచాయనీ చూపించారు. అంటే పాము చచ్చినట్టు పడి ఉండి కూడా మనల్ని గమనిస్తూనే ఉంటుంది. వీడియోల కోసం దానిని పదేపదే బెదిరించడం హింసే. మా ఇంటి పాము మాకు అలవాటుపడిన తర్వాత ఒక్కసారి కూడా ఆ నాటకం ఆడలేదు.

హాగ్‌నోస్‌కు విషం లేదన్న మాట కూడా పూర్తిగా సరికాదు. నోటి వెనుక భాగంలో పొడవైన పళ్లు, స్వల్పమైన విషం ఉన్నాయి. మన పసిరిక పాము కూడా వెనుక కోరల పామే. మేత పెట్టేటప్పుడు హాగ్‌నోస్ మన వేలిని ఎలుక అనుకుని పట్టి నమిలితే చేయి కొన్ని రోజులు వాచి ఉంటుంది. నాకు ఒకసారి మణికట్టు దాకా వాచింది, తప్పు నాదే, ఎలుకను ముట్టుకున్న చేతితో పామును తీశాను.

పెంపకం వీడియోలలో చూపినంత సులువు కాదు. అడవిలో ఇవి, ముఖ్యంగా తూర్పు జాతి, ఒంటినిండా బొడిపెలుండే విషపు కప్పలను తిని బతుకుతాయి. అందుకే తూర్పు జాతిని పెంచడం కష్టం. పడమటి జాతి ఎలుకలకు అలవాటుపడుతుంది గాని, పిల్లగా ఉన్నప్పుడు మొండికేస్తుంది. మా పాముకు మొదటి రెండు నెలలు ఎలుకపిల్లకు చేప వాసన పట్టించి పెట్టవలసి వచ్చింది. శీతాకాలంలో వారాల తరబడి ముట్టదు. పెట్టె ఒక పక్క 31, 32 డిగ్రీల వేడి, మరో పక్క చల్లదనం ఉండాలి, తవ్వుకోవడానికి నాలుగు అంగుళాల మందాన పొడి రంపపుపొట్టు ఉండాలి. సరిగా చూస్తే పదిహేనేళ్లు బతుకుతుంది. అబ్బాయి చదువు, ఉద్యోగం, పెళ్లి దాకా అది ఆ ఇంట్లోనే ఉంటుందన్నమాట.

కాకినాడ తీరం:
ఇక్కడ పెంచడం గురించి రెండు మాటలు. డ్రమ్ము కింద ఉన్నది మన పాము కనుక, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దానిని పట్టి ఇంట్లో ఉంచుకోవడం నేరం. విషం లేదన్న కారణం చెల్లదు. ఎర్రని పూడుపామును "రెండు తలల పాము" పేరుతో అదృష్టం తెస్తుందని లక్షలకు బేరం పెట్టే మోసగాళ్లు ఈ ప్రాంతంలో కూడా తిరుగుతుంటారు, అబ్బాయి ఆ పాము ఫోటోను ఎక్కడా పెట్టకుండా చూడండి.

విదేశీ పామును తెప్పించుకుందామనుకున్నా, ప్రాణమున్న జంతువుల దిగుమతికి అనుమతులు, క్వారంటైన్ తనిఖీలు దాటాలి. బ్యాంకాక్ నుంచి వచ్చిన ప్రయాణికుల సామానులో పాములు దొరికాయని చెన్నై విమానాశ్రయం వార్తలు తరచూ చదువుతూనే ఉన్నాం. దొంగదారిన వచ్చినదానిని కొనడమంటే ఆ బాధలో పాలుపంచుకోవడమే. చట్టం సంగతి పక్కన పెట్టినా, పడమటి హాగ్‌నోస్ పొడి గడ్డిమైదానాల పాము. మన శ్రావణ భాద్రపదాల ముసురులో గోడలే చెమ్మగిల్లుతాయి, రంపపుపొట్టు బూజుపడుతుంది. అంత తేమలో దానికి శ్వాస ఇబ్బంది, పొలుసులు కుళ్లే జబ్బు తప్పవు. ముక్కు చూసి పేరుపెట్టిన పాములంటే అబ్బాయికి అంత ఇష్టమైతే కోరింగ మడ అడవులకు తీసుకురండి. అక్కడ బురదలో చేపలు పట్టే కుక్కమూతి పాములున్నాయి, పడవలోంచి దూరంగా చూడవచ్చు.

లంకగట్టు:
మధ్యాహ్నం రెండున్నరకు అటవీశాఖ మనిషి వచ్చి, పొడవాటి కొక్కెంతో డ్రమ్మును పక్కకు లాగారు. పూడుపామే. తోక నిజంగానే తాటిమట్టలా గరుకుగా ఉందట. కొక్కెం తగలగానే చటుక్కున తిరిగి కరవబోయింది, నెమ్మదైన పాము అని విన్న మాట కూడా నేను నమ్మకూడదని తెలిసింది. దానిని ఊరికి దూరంగా ఉన్న ఇసుకమేట మీద వదిలారు. మేనల్లుడు వెంట వెళ్లి దూరంనుంచి చూసి వచ్చాడు. ఒక చివరి ప్రశ్న: తోటలో ఇంకా మూడు డొక్కల గుట్టలున్నాయి, వాటిని ఎలా ఎత్తించాలి?

అమలాపురం పాములపట్టు:
పగటివేళ, పైనుంచి కిందికి, పొడవాటి కర్రకు కట్టిన కొక్కెంతో లాగించండి. చేతులు లోపలికి పెట్టనివ్వకండి. పనివారికి మోకాళ్ల వరకు వచ్చే రబ్బరు బూట్లు ఇవ్వండి. ఈసారి గుట్టలను ఇంటికి, పశువులపాకకు దూరంగా వేయించండి. ఎలుకలు చేరినచోటికే పాములూ వస్తాయి.