అప్‌డేట్: సర్వీసింగ్ తర్వాత బండి బరువుగా పోవడం, మైలేజీ పడిపోవడం - కారణం దొరికింది

నల్లగొండ షోరూంలో సర్వీసింగ్ అయినప్పటి నుంచి నా 125 సీసీ బండి ఎవరో వెనక పట్టి గుంజినట్టు పోతోందని, పెట్రోల్ ఎక్కువ తాగుతోందని ఇక్కడ అడిగిన కదా. సమస్య తీరింది. జవాబిచ్చిన అందరికీ థాంక్స్, ముఖ్యంగా "వెనక డ్రమ్ము కాలుతోందేమో చూడన్నా" అన్న తమ్ముడికి (డ్రమ్ము అంటే చక్రం మధ్యలో బ్రేకు ఉండే గుండ్రటి భాగం).

దేవరకొండ రోడ్డు మీద బ్రేకు పెద్దగా వాడకుండా నడిపి ఆపితే, వెనక డ్రమ్ము దగ్గర చెయ్యి పెట్టలేనంత వేడి. సెంటర్ స్టాండ్ వేసి న్యూట్రల్‌లో తిప్పితే చక్రం సగం తిరిగి ఆగిపోతోంది.

ఫోన్ చేసి పొద్దుటి అపాయింట్‌మెంట్ తీసుకున్న. ఈసారి జాబ్ కార్డులో (షోరూం వాళ్లు మన ఫిర్యాదు రాసుకునే కాగితం) "మైలేజీ తక్కువ" అని కాకుండా "వెనక బ్రేకు పట్టేస్తోంది" అని రాయించిన. దాంతో మెకానిక్ నేరుగా అక్కడికే పోయిండు. చైన్ బిగించాలంటే వెనక చక్రాన్ని వెనక్కి జరపాలి. చక్రం జరిగితే పెడల్ నుంచి వెనక బ్రేకుకు పోయే రాడ్ కూడా బిగుస్తుంది, పెడల్ తొక్కకున్నా బ్రేకు పట్టే ఉంటుంది. రాడ్ నట్టు మళ్లీ వదులు చేయాల్సింది, సర్వీసింగ్‌లో చైన్ బిగించి ఆ పని చేయడం మరిచిండ్రు. నట్టు తిప్పి పెడల్‌కు ఆట (బ్రేకు పట్టే ముందు ఖాళీగా కదిలే జాగా) ఇచ్చి, బ్రేకు షూలు విప్పి చూసిండ్రు, బాగానే ఉన్నయి. డబ్బులు తీసుకోలేదు.

పెట్రోల్ బంకు, ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్, వీటికి ఈ సమస్యతో సంబంధమే లేదు. వెనక డ్రమ్ బ్రేకు ఉన్నవాళ్లు ఎక్కడ చైన్ బిగించుకున్నా, అక్కడే ఒకసారి చక్రం తిప్పి చూసుకొని బయల్దేరండి.