ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ పరిశోధన: ఇంకో సర్వే అవసరమా?

ప్రశ్న:
పీహెచ్‌డీకి "ఉద్యోగులు జెనరేటివ్ ఏఐని ఎందుకు వాడతారు" అన్న అంశాన్ని టామ్ మోడల్‌తో (జనం కొత్త టెక్నాలజీని ఎందుకు అంగీకరిస్తారో వివరించే నమూనా) సర్వే చేద్దామనుకుంటున్నాను. దీనికి ఇంకా విలువ ఉందా? అసలు ఈ రంగం ఎటు వెళ్లాలి?

జవాబు 1:
ఆ ప్రశ్నకు జవాబు చాలావరకు వచ్చేసిందండీ. పనికొస్తుందనిపిస్తే, వాడటం తేలికనిపిస్తే జనం వాడతారని టామ్‌ను ప్రతిపాదించిన డేవిస్ 1989లోనే ఎంఐఎస్ క్వార్టర్లీ అనే పరిశోధన పత్రికలో చూపించారు. 2003లో యూటాట్ అనే నమూనా టామ్‌తో సహా ఇలాంటి ఎనిమిది మోడళ్లను కలిపింది. టెక్నాలజీ పేరు మార్చి అదే ప్రశ్నావళి పంచితే కొత్తగా తెలిసేది తక్కువ. పైగా కారణాన్నీ ఫలితాన్నీ ఒకే మనిషిని ఒకే పూట అడిగితే వాటి మధ్య సంబంధం ఉన్నదానికన్నా బలంగా కనిపించే ప్రమాదం ఉంది. ఈ ప్రమాదం ఉందో లేదో చూసే హార్మన్ పరీక్ష ఒక్కటే చూపి గట్టెక్కామనుకోవద్దు, అది బలహీనమైనది. సర్వే తప్పదంటే వాడకం లెక్కను సిస్టమ్ లాగ్‌ల (కంప్యూటర్ తనంతట నమోదు చేసే వాడకం రికార్డుల) నుంచి తీసుకోండి. అది దొరక్కపోతే కొన్ని వారాల ఎడంతో రెండు విడతలుగా అడగండి.

జవాబు 2:
డిజైన్ సైన్స్ వైపు కూడా చూడండి, అంటే ఒక సమస్యకు టూల్ కట్టి, పరీక్షించి, దాని నుంచి నేర్చుకునే పరిశోధన. హెవ్నర్ బృందం 2004 వ్యాసం, పెఫర్స్ బృందం 2007లో ఈ పరిశోధనకు ఇచ్చిన ఆరు దశలు ఇప్పటికీ మంచి ఆధారం. చాలామంది బోల్తా పడేది మూల్యాంకనం దగ్గర. టూల్ కట్టి, నలుగురితో బాగుందనిపించుకుని ఆగిపోతారు. ఇప్పుడున్న పద్ధతితో పోల్చి సమయం, తప్పులు కొలవాలి. వేరే సంస్థలో వేరే టూల్ కట్టేవాళ్లకూ పనికొచ్చే డిజైన్ సూత్రం ఒక్కటైనా తేలకపోతే అది పరిశోధన అనిపించుకోదు, ప్రాజెక్టు రిపోర్టుగా మిగిలిపోతుంది.

జవాబు 3:
టూల్ కట్టడం అందరికీ కుదరదు. అంశం అలాగే ఉంచి ప్రశ్న మార్చండి: ఏఐ తప్పు చెప్పినప్పుడు ఎవరు పట్టుకుంటారు, ఎప్పుడు పట్టుకోలేరు? ఐటీ పరిశోధనలో అసలు ఐటీయే కనిపించట్లేదని పరిశోధకులు ఆర్లికోవ్‌స్కీ, ఐకోనో 2001లో ఎత్తిచూపిన లోటు ఇంకా పూర్తిగా తీరలేదు. ఈ ప్రశ్న వేస్తే ఏఐ ఏం చెప్పిందో చూడక తప్పదు.

దీనికి ఒక ప్రయోగం పెట్టండి: ఏఐ ఇచ్చే కొన్ని సలహాల్లో కావాలనే తప్పులు కలపండి. ఒక గుంపుకు సలహా ముందే చూపండి, ఇంకో గుంపుకు సొంత నిర్ణయం రాశాక చూపండి. ఎథిక్స్ కమిటీ అనుమతి ముందే తీసుకుని, చివర్లో పాల్గొన్నవాళ్లకు ఆ తప్పుల సంగతి చెప్పాలి. మోడల్ వెర్షన్, తేదీ, ప్రాంప్ట్, సెట్టింగులు, వచ్చిన ప్రతి జవాబూ భద్రపరచండి. మధ్యలో కంపెనీ మోడల్ మార్చిందంటే మొదటి నెల డేటా, మూడో నెల డేటా ఒకే వ్యవస్థవి కావు. అందుకే సలహాలన్నీ ఒకేసారి తయారుచేసి, దాచినవే అందరికీ చూపడం మేలు.