నిద్ర సరిచేస్తే మనసు తేలికపడుతుందా, బాధ తీరితేనే నిద్ర పడుతుందా?

తుంగభద్ర_గట్టు (కర్నూలు), రాత్రి 9:12

నేను సైకాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. నిద్రకూ మనసుకూ ఉన్న సంబంధం నా విషయం. ఏడాదిగా పత్తికొండ, ఆలూరు వైపు ఊళ్ళు తిరిగి నిద్ర గురించి అడుగుతున్నాను. ఎన్నింటికి పడుకుంటారు, ఎంతసేపటికి కన్ను మూతపడుతుంది, రాత్రి ఎన్నిసార్లు మెలకువ వస్తుంది, పగలు పనిలో తూగు వస్తుందా. ఇలాంటి 19 ప్రశ్నల పట్టిక ఒకటి 1989లో పిట్స్‌బర్గ్‌లో తయారైంది, చాలా దేశాల్లో అదే వాడతారు. మొత్తం 21 మార్కులు. 5 దాటితే నిద్ర బాగాలేదని లెక్క.

పోయిన వారం ఒక పెద్దాయన ప్రశ్నలన్నీ అయ్యాక ఒకే మాటన్నాడు. "అప్పు తీర్చు తల్లీ, నిద్ర అదే వస్తుంది." ఆ మాట నన్ను వదలడం లేదు, ఎందుకంటే నేను నమ్మేది వేరు. బాధ వల్ల నిద్ర పోతుంది, నిజమే. కానీ పోయిన నిద్ర తన వంతుగా మనిషిని ఇంకా కుంగదీస్తుంది. ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు బ్రిటన్‌లోని 26 యూనివర్సిటీల్లో 3,755 మంది విద్యార్థులతో చేసిన ఒక ప్రయోగం 2017లో అచ్చయింది. సగం మందికి నిద్రలేమికి మాత్రమే చికిత్స ఇచ్చారు. నిద్ర మెరుగుపడటంతోపాటు ఇతరుల మీద వాళ్ళ అనుమానాలు, దిగులు, ఆందోళన కూడా తగ్గాయి. వాళ్ళ కష్టాలను ఎవరూ తీర్చలేదు, నిద్రనే పట్టించుకున్నారు. మీరేమంటారు?

మెట్టచేను (పత్తికొండ దగ్గర), రాత్రి 9:41

ఆ పెద్దాయన చెప్పిందే నిజం. బ్రిటన్ పిల్లలకు టమోటా ధర పడిపోదు. నాకు పడిపోతుంది. కోత కూలి కూడా రాదని తెలిసి, కాయ మీదున్న చేను దున్నించి ఇంటికొచ్చిన రోజు ఏ చికిత్స చేస్తే నిద్ర వస్తుంది?

ఇంకో మాట. మనిషి ఏడు గంటలు నిద్రపోవాలని టీవీలో, పేపర్లో రోజూ చెప్తారు. ఆ ఏడు ఎవరు పెట్టినారు? మా నాయన జన్మలో ఏడు గంటలు పడుకోలేదు. 82 ఏళ్ళు గట్టిగా బతికినాడు.

అనంత_టీచరమ్మ (అనంతపురం), రాత్రి 9:55

ఏడు గంటల మాట పెద్దవాళ్ళకు. 13 నుంచి 18 ఏళ్ళ పిల్లలకు 8 నుంచి 10 గంటలు కావాలి. నేను ఇంటర్ పిల్లలకు చెప్తాను. హాస్టల్ పిల్లలను నాలుగున్నరకు లేపుతారు, పదిన్నర దాకా స్టడీ అవర్. ఇంటి నుంచి వచ్చే పిల్లలు ఒంటిగంట దాకా సెల్‌ఫోన్. ముందు ఆ ఫోన్ తీసేయండి, సగం దిగులు పోతుంది.

తుంగభద్ర_గట్టు, రాత్రి 10:20

మెట్టచేను అన్నా, ఆ ఏడు గాల్లోంచి రాలేదు. 2015లో అమెరికాలో నిద్ర మీద పనిచేసే రెండు సంఘాలు అంతకుముందు వచ్చిన పరిశోధనలన్నీ ముందేసుకుని, పెద్దవాళ్ళకు ఏడు లేక అంతకంటే ఎక్కువ గంటలు కావాలన్నాయి. మీ నాయన లాంటి వాళ్ళు అక్కడక్కడా ఉంటారు.

మీ వైపు బలం చేకూర్చే సంగతి కూడా దాచను. చెన్నైలో పేద కూలీలు 452 మందితో చేసిన అధ్యయనం 2021లో అచ్చయింది. వాళ్ళు రాత్రి 8 గంటలు పడుకునే ఉంటున్నారు, నిద్ర మాత్రం అయిదున్నర గంటలే పడుతోంది. వేడి, దోమలు, చప్పుడు. మంచం, పరుపు, ఫ్యాను, కళ్ళకు గంతలు ఇస్తే రాత్రి నిద్ర 27 నిమిషాలు పెరిగింది. దాని వల్ల పనిలోగానీ మనసులోగానీ చెప్పుకోదగ్గ మార్పు కనబడలేదు. పనిచోట మధ్యాహ్నం అరగంట కునుకు తీయనిచ్చినవాళ్ళలో మాత్రం కనబడింది. పని మెరుగుపడింది, మనసు కుదుటపడింది.

సీ_షిఫ్ట్ (ఎర్రగుంట్ల), రాత్రి 10:34

ఆ కునుకు సంగతి ఇంకా చెప్పండి మేడం. నేను సిమెంటు ఫ్యాక్టరీలో రాత్రి పదికి ఎక్కుతా, పొద్దున ఆరుకు దిగుతా. పగలు పడుకుందామంటే కడప ఎండకు మిద్దె కాలిపోతుంటుంది. బండలు కడిగి, తడి గుడ్డ కప్పుకొని పడుకున్నా రెండు గంటలకే మెలకువ. మూడు గంటల ప్రాంతంలో కంట్రోల్ రూములో కన్ను మూసినందుకు ఒకసారి నాకు మెమో ఇచ్చినారు. నేను అడిగేది ఒకటే. అరగంట కునుకు మంచిదని రుజువైతే మా దగ్గర ఎందుకు ఇవ్వరు?

తుంగభద్ర_గట్టు, రాత్రి 10:50

ఇవ్వాలనే నేనంటాను. ఒక చిక్కుంది. చెన్నైలో ఆ అరగంట ఊరికే విరామం తీసుకున్నవాళ్ళ కంటే కునుకు తీసినవాళ్ళు ఎక్కువ సంపాదించారు. ఆ అరగంట కూడా పనిచేసినవాళ్ళతో పోలిస్తే మాత్రం కూలి తగ్గింది. ఆ అరగంట ఖర్చు ఎవరు భరించాలన్న దగ్గరే మాట ఆగిపోతుంది.

మెట్టచేను, రాత్రి 11:05

చూడండి, మేడమే ఒప్పుకున్నారు. 27 నిమిషాలు నిద్ర పెరిగినా మనసుకు ఏమీ కాలేదు. అంటే బాధ వేరే చోట ఉంది. ఇంక ఏడు గంటల మాట దేనికి?

నా సంగతి చెప్తా. కరెంటు రెండు విడతలుగా ఇచ్చే రోజుల్లో రాత్రి రెండింటికి మా ఫీడరుకు వచ్చేది. టార్చిలైటు పట్టుకొని చేనుకు పోయి స్టార్టరు నొక్కి, తెల్లవార్లూ గట్ల మీద నీళ్ళు మళ్ళించేవాణ్ణి. చీకట్లో పాములు, తడి చేత్తో స్టార్టరు. ఇప్పుడు మాకు పగలే వస్తుంది. అయినా రెండింటికి ఠంచనుగా మెలకువ. ఆ తర్వాత కోడి కూసేదాకా అప్పుల లెక్కలే. అందుకే అంటున్నా, అప్పే కారణం.

కొత్తబస్టాండు_వీధి, రాత్రి 11:09

మా వీధికి మున్సిపల్ నీళ్ళు తెల్లవారుజామున మూడింటికి. ఇంట్లో ఎవరు లేచి పడతారో చెప్పక్కర్లేదు. ఆడవాళ్ళ నిద్ర ఎవరూ లెక్కేయరు.

తుంగభద్ర_గట్టు, రాత్రి 11:48

అన్నా, మీరు చెప్పినదాంట్లోనే జవాబుంది. రాత్రిపూట కరెంటు రావడం ఆగిపోయింది, మెలకువ ఆగలేదు. అప్పు లేకపోయినా రెండింటికి మీకు మెలకువ రావచ్చు. అప్పు ఆ మెలకువలోకి వచ్చి కూర్చుంటుంది. నిద్రలేమికి మూడు రకాల కారణాలుంటాయని 1987లో స్పీల్‌మన్ అనే సైకాలజిస్టు చెప్పాడు. మనిషి తత్వం ఒకటి, మొదలుపెట్టిన కారణం ఒకటి, దాన్ని నిలబెట్టే అలవాటు ఒకటి. మొదటి కారణం పోయినా అలవాటు నిలబెడుతూనే ఉంటుంది.

దీనికి మాత్రల్లేని చికిత్స ఉంది. ఎన్నింటికి పడుకున్నా ఒకే వేళకు లేవడం. నిద్ర వస్తేనే మంచం ఎక్కడం. ఇరవై నిమిషాలైనా పట్టకపోతే లేచి, దీపం తగ్గించుకుని వేరేచోట కూర్చోవడం. మంచం మీద లెక్కలు వేయకపోవడం. మొదటి రెండు వారాలు కష్టంగా ఉంటుంది, పగలు తూగు ఎక్కువవుతుంది, తర్వాత దారికొస్తుంది. దీర్ఘకాలం నిద్రలేమికి ముందు ఇదే వాడాలని 2016లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ కూడా చెప్పింది.

మెట్టచేను, రాత్రి 1:52

నేను నా కష్టం చెప్పుకుంటే మీరు దాన్ని ఉదాహరణ చేసుకున్నారు. నన్ను అడిగినారా? మళ్ళా ఆ ఏడు గంటలకు జవాబు రాలేదు. సంఘం చెప్పింది అంటారు. మెట్టచేలో పనిచేసేవాడు ఒక్కడన్నా ఆ సంఘంలో ఉన్నాడా?

తుంగభద్ర_గట్టు, రాత్రి 2:06

అన్నా, తప్పుగా తీసుకోకండి. ఇద్దరం నిద్ర లేకుండా రాస్తున్నాం. ఒక్క రాత్రి పూర్తిగా నిద్ర పోకపోతే, భయానికీ కోపానికీ స్పందించే మెదడులోని అమిగ్డలా, చెడ్డ బొమ్మలు చూసినప్పుడు 60 శాతం ఎక్కువగా ఎగసిందని 2007లో తేలింది. ఇప్పుడు మనకు చిన్న మాట కూడా పెద్దదిగా అనిపిస్తుంది. రేపు మాట్లాడుకుందాం.

మెట్టచేను, రాత్రి 2:31

నా కోపం నిద్ర చాలక వచ్చిందా? ఇదే మీతో వచ్చిన కష్టం. మనిషి ఏం చెప్పినా దానికొక పేరు పెడతారు.

కోపం ఎందుకో వినండి. మూడేళ్ళ కింద మా ఊరికి ఒక అబ్బాయి ఇట్లాంటి కాగితాలే తెచ్చినాడు. నిద్ర, మనసు, మీ 19 ప్రశ్నలేనేమో. మా ఆవిడను అడిగినాడు. మా రెండోవాడు పోయి అప్పటికి నాలుగు నెలలు. ఆ మాట ఇంట్లో మేమెవరం ఎత్తేవాళ్ళం కాదు. ఆ అబ్బాయి మెత్తగా అడిగేసరికి ఆమె గంటసేపు ఏడ్చింది, అన్నీ చెప్పింది. అబ్బాయి మంచోడే, నీళ్ళు తాగి, సంతకం పెట్టించుకొని, ఒక సబ్బు చేతిలో పెట్టి పోయినాడు. ఆ రాత్రి ఆమె కన్ను మూయలేదు. వారం రోజులు వాకిట్లో కూర్చొని రోడ్డు వైపు చూసింది, మళ్ళా వస్తాడేమోనని. రాలేదు. తన గురించి వాళ్ళు ఏం తేల్చినారో ఇప్పటిదాకా ఆమెకు తెలియదు.

ఏడు గంటలు, 27 నిమిషాలు నాకెందుకు? మా ఇంటి రాత్రులు తీసుకుపోయినారు. తిరిగి ఏమిచ్చినారో చెప్పండి.

సీ_షిఫ్ట్, రాత్రి 3:15

అన్నా, విరామంలో చదివినా. మనసు పిండినట్టైంది. కానీ నన్ను అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. పదకొండేళ్ళుగా ఇట్లా బతుకుతున్నా, ఎట్లా పడుకుంటున్నావని ఒక్క డాక్టరూ అడగలేదు. అడిగి వదిలేయడం తప్పే. అసలు అడగకపోవడం దానికంటే మంచిదని నేననుకోను.

అనంత_టీచరమ్మ, పొద్దున 6:20

ఫోన్ గురించి రాసిన నేనే పొద్దున లేవగానే ఫోన్‌లో ఇది చదివాను. అమ్మా తుంగభద్ర, ఆయన కోపానికి లెక్క చూపించడం పొరపాటు. ఆయన అడిగినదానికి జవాబివ్వు.

తుంగభద్ర_గట్టు, పొద్దున 8:45

అన్నా, రాత్రి ఆ 60 శాతం మాట అనకుండా ఉండాల్సింది. మిమ్మల్ని అడగకుండా మీ మాటను ఉదాహరణగా వాడినందుకు కూడా క్షమించండి.

నేనూ ఆ అబ్బాయి చేసిన పనే చేశాను. మొదటి నెలలో ఆలూరు దగ్గర ఒకామెకు ఆ పట్టికలో 17 వచ్చింది. చాలా ఎక్కువది. ఆమె చెప్తుంటే నాకు చేతులాడలేదు. చికిత్స చేసే క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ ఉండాలి, నాకు లేదు. పరిశోధన, చికిత్స కలపకూడదని మాకు నేర్పుతారు. మనసు బాగాలేనివాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టిన ఫోన్ సాయం టెలిమానస్ నంబరు 14416 రాసిచ్చి వచ్చాను. ఉచితంగా తెలుగులో మాట్లాడతారు, రాత్రీ పగలూ ఉంటుంది. మంచి సదుపాయమే. కానీ ఆమె ఆ నంబరు చదవగలదో లేదో కూడా నేను చూసుకోలేదు. నెల తర్వాత మళ్ళీ పోతే ఇంటికి తాళం, గుంటూరు మిరపకోతలకు వలస పోయారన్నారు. ఆ 17 నా కంప్యూటరులో ఒక గడిలో ఉంది.

ఇప్పుడు 15 దాటినవాళ్ళ దగ్గరికి వారంలోపు ఆశా కార్యకర్తను వెంటబెట్టుకుని మళ్ళీ పోతున్నాను. చదువు పూర్తయ్యాక రచ్చబండ దగ్గర ఊరికి ఏం తేలిందో చదివి వినిపించాలని గైడుతో పట్టుబట్టి ఒప్పించాను. అది చాలదని నాకు తెలుసు.

మెట్టచేను, పొద్దున 9:30

నిజం చెప్పినారు, సంతోషం. కానీ నా మాట మారదు. నయం చేసే దారి చేతిలో లేనప్పుడు పుండు కదిలించకూడదు. ముందు డాక్టరును పెట్టుకోండి, తర్వాత అడగండి.

తుంగభద్ర_గట్టు, పొద్దున 9:52

ఇక్కడ మీతో ఏకీభవించలేను అన్నా. డాక్టరు వచ్చేదాకా ఆగితే ఎప్పటికీ అడగలేం. ఈ ఊళ్ళలో ఎంతమంది రాత్రి రెండింటికి లేచి కూర్చుంటున్నారో ఎవరో ఒకరు లెక్క రాయకపోతే, ఇక్కడికి డాక్టరు కావాలని ఎవరికి ఎట్లా చెప్పాలి? అడిగిన మనిషిని మధ్యలో వదలకూడదు, అది మీరు చెప్పిందే. అడగడం మానేయమంటే మాత్రం నేను మానను.

మెట్టచేను, మధ్యాహ్నం 1:10

మా ఆవిడకు ఇదంతా చదివి వినిపించినా. ఆమె నన్ను తిట్టింది, అంతా ఇంటర్నెట్లో పెట్టినందుకు. తర్వాత మిమ్మల్ని ఒకటి అడగమంది. ఆమె చెప్పింది రాసుకున్న కాగితం ఇప్పుడు ఎక్కడుంది? పారేసినారా, ఎవరన్నా చదివినారా?

తుంగభద్ర_గట్టు, మధ్యాహ్నం 1:34

అక్కకు నా నమస్కారం చెప్పండి. ఆ అబ్బాయి ఎక్కడివాడో తెలియకుండా ఆ కాగితం ఎక్కడుందో చెప్పలేను. మామూలుగా పేరు తీసేసి ఒక నంబరు వేస్తారు, కాగితాలు డిపార్టుమెంటులో తాళం కింద ఉంటాయి. సంతకం పెట్టించుకున్నప్పుడు ఆమెకూ ఒక కాపీ ఇచ్చి ఉండాలి. మనుషుల మీద పరిశోధనలకు భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017లో ఇచ్చిన నియమాల్లో అది ఉంది. అందులో పరిశోధన చేసినవాళ్ళ ఫోన్ నంబరు, పరిశోధన న్యాయంగా జరిగేలా చూసే ఎథిక్స్ కమిటీ నంబరు ఉండాలి. కాగితం ఏమైందని అడగడం ఆమె హక్కు. వద్దనుకుంటే తప్పుకుంటానని కూడా చెప్పొచ్చు. కాపీ ఉందేమో చూస్తారా?

మెట్టచేను, సాయంత్రం 6:48

బీరువాలో పాస్‌బుక్కుల కింద దొరికింది. వెనక వైపు ఆమె పాల లెక్క రాసుకుంది. నంబర్లు రెండూ కనబడుతున్నాయి. రేపు పొద్దున పాలు పోసొచ్చినాక ఆమే చేస్తానంది, ఫోన్ నన్ను పట్టుకోమంది.